మూడో అంతస్తు జెల్లలు

నమోదు 1

మీరు దీన్ని చదవరు. చదవకుండానే సంతకం పెడతారు. మా చేపలు చచ్చాక మాత్రం, "అయ్యో, మాకెవరూ చెప్పలేదే" అంటారు. అందుకని ముందే రాసి పెడుతున్నాను. చెప్పాం. మీకు వినబడలేదు అనుకునేంత అమాయకురాల్ని కాను. వినకూడదని మీరే నిర్ణయించుకున్నారు.

నా పేరు మేఘన. అయిదో దిబ్బ అనే ఈ పన్నెండంతస్తుల భవనంలో మూడో అంతస్తుకి ఇవాళ్టి నుంచి తొట్టి కాపరిని. నన్నే ఎందుకు ఎన్నుకున్నారని అడిగితే, "నువ్వెలాగూ అందరితో పోట్లాడతావు, ఆ పోట్లాటకొక హోదా ఉంటే పోలా" అన్నారు మా వాళ్ళు. హోదా వచ్చింది. దాంతోపాటు రోజూ నమోదు రాసే పనీ వచ్చింది. ఇది పై సంఘానికి వెళ్ళాలట. ఎనిమిది నుంచి పన్నెండు అంతస్తుల దాకా ఉండే మీలో ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలట. సరే, చూడండి.

తొట్టి అంటే గోడలో బిగించిన అద్దం పెట్టె. అందులో అయిదు జెల్లలు. మా కుళాయికి వచ్చే నీళ్ళు ఆ జెల్లలు ఈదిన నీళ్ళే. గురువారం తనిఖీలో ఒక్క చేపైనా కదిలితే నీళ్ళు మంచివని లెక్క, కుళాయి తెరిచి ఉంటుంది. ఒక్కటీ కదలకపోతే సీలు పడుతుంది. సీలు పడిన అంతస్తువాళ్ళు కిందికి దిగి కాలవలో ఉప్పునీళ్ళు తోడుకోవాలి. సముద్రం రామచంద్రపురం దాకా వచ్చి ఆగిన తర్వాత పుట్టినవాళ్ళమే మనమంతా, ఆ నీళ్ళ రుచి మీకూ తెలిసి ఉండాలి. తెలియదు. మీ తాతలకు తెలుసు.

పొద్దున్న అద్దం మీద పాచి గీకాను. గాలి పంపు గొట్టం మార్చాను. పెద్ద జెల్ల ఒకటి గొట్టానికి పక్కలు రాసుకుంటూ తిరుగుతోంది. దాని మీసాలు చూసి రిత్విక్ బాబాయ్ దానికి సర్పంచి అని పేరు పెట్టాడు.

"దురద పెడుతున్నట్టుంది బాబాయ్," అన్నాను.

"దానికి ఒంటి దూల, నీకు నోటి దూల. జత కుదిరింది," అన్నాడు.

బాబాయ్ మా పక్క గది. డెబ్బై ఆరేళ్ళు. రెండు మూత్రపిండాలూ పోయాయి. మంచం పక్కనున్న యంత్రం ఆయన రక్తం కడుగుతుంది, దానికి కుళాయి నీళ్ళు కావాలి. ఉప్పునీళ్ళు పోస్తే యంత్రం పోతుంది, వెనకాలే మనిషి పోతాడు. అందుకని ఈ అయిదు చేపలూ మాకు చేపలు కావు.

నమోదు 3

సర్పంచికి తిండి సయించడం లేదు. ఇంకో రెండు కూడా గోడకు రాసుకుంటున్నాయి. మొప్పలు గబగబా ఆడుతున్నాయి, పరిగెత్తుకొచ్చిన మనిషి ఆయాసంలా. జెల్ల పైకొచ్చి గాలి మింగడం మామూలే. ఇవి వచ్చి మింగి వెళ్ళడం లేదు, పైనే వేలాడుతున్నాయి.

మనకు నీళ్ళు పంపే ఊట సంస్థ మా తొట్టి మీద బిగించిన వైద్య కన్ను, అంటే చేపల్ని చూసే కెమెరా, తీర్పు చెప్పేసింది. "వయోభారం. నివాసుల అపరిశుభ్రత." ఎంత బాగుంది. కింద ఏం జరిగినా కిందివాళ్ళ మురికే. ఆ కన్నుని ఎవరు తయారుచేశారో, దానికి ఏ జవాబులు ముందే నేర్పారో ఊట సంస్థ వాటాదార్లు చెప్పాలి. అంటే మీరు.

కన్ను చర్మాన్ని మాత్రమే చూస్తుంది. మొప్ప మూత ఎత్తి చూడదు. నేను చూశాను. మూతపడిన బడి నుంచి తెచ్చుకున్న పాత మైక్రోస్కోపు ఉంది మా అంతస్తులో, పిల్లలు దానితో దోమ కాళ్ళు చూసి ఆడుకుంటారు. చేపను తడిగుడ్డలో పట్టుకుని, మొప్ప అంచు నుంచి గోటితో జిగురు కాస్త తీసి గాజు పలక మీద నీటిచుక్కలో పెట్టాను. గుండ్రంగా ఉంది పురుగు. ఒళ్ళంతా నూగు. మెల్లగా దొర్లుతోంది. కడుపులో గుర్రపు లాడం ఆకారంలో నల్లని మచ్చ.

తెల్లచుక్క జబ్బు. బయట చుక్కలు ఇంకా రాలేదు. మొప్పల్లో ముందే కాపురం పెట్టేసింది.

మీలో ఒకరైనా చదువుతారేమో అన్న ఆశ నాకింకా చావలేదు గనుక వివరంగా రాస్తున్నాను. ఈ పురుగు చేప చర్మం కింద దూరి తింటుంది. బలిశాక రాలి అడుగుకి చేరుతుంది. అక్కడ పగిలి వందలుగా బయటికొచ్చి, ఈదుకుంటూ మళ్ళీ చేపను పట్టుకుంటుంది. మందుకైనా వేడికైనా ఆ ఈదే పిల్లలే చస్తాయి. చర్మం కింద కూర్చుని తినేదాన్ని ఏదీ తాకలేదు. ఇలాంటి ఏర్పాటు ఇంకెక్కడైనా చూశానా అని ఆలోచించాను. ఎక్కువసేపు ఆలోచించాల్సిన పని లేకపోయింది.

నమోదు 4

కొండమ్మని ఈ రోజు మీ మందు చంపింది.

ఐదింటిలో చిన్నది కొండమ్మ, నల్లగా నున్నగా ఉండేది. వైద్య కన్ను ఎవరినీ అడగకుండా పై గొట్టంలోంచి ఆకుపచ్చ మందు వదిలింది. అది పొలుసున్న చేపలకు కట్టిన మోతాదు. జెల్లకు పొలుసు ఉండదు, మందు తిన్నగా ఒంట్లోకి దిగుతుంది. పోస్తే సగం పోయాలి, అదీ కొంచెం కొంచెంగా. కొండమ్మ రెండుసార్లు గిర్రున తిరిగి వెల్లకిలా తేలింది. పొలుసున్నవాళ్ళ కోసమే కొలతలన్నీ రాసుకున్న సంస్థకి, పొలుసు లేనివి చస్తే "బలహీనత" అని రాయడానికి ఒక గడి తయారుగా ఉంటుంది.

మందు పడ్డ నీళ్ళు మనుషులు తాగలేరు. కుళాయి కట్టేసి నీరంతా పారబోశాం. బాబాయ్ యంత్రానికి మాత్రం ఇంటికో చెంబు చొప్పున దాచుకున్న నీళ్ళు పోశాం.

"మందు మళ్ళీ వస్తుందేమో," అన్నాడు బాబాయ్.

"రానివ్వను."

"ఉపన్యాసం ఇచ్చి ఆపుతావా?"

చపాతీ పిండితో ఆపాను. గట్టిగా కలిపి మందు గొట్టం మూతికి దట్టించాను. సంస్థ ఆస్తికి నష్టం కలిగించానని రాసుకోండి. పిండి మాదే.

నమోదు 6

మందు వద్దనుకున్నాక మిగిలింది వేడి. నీళ్ళు బాగా గోరువెచ్చగా ఉంటే పురుగు తొందరగా ఎదిగి రాలుతుంది, కొత్తగా పుట్టిన పిల్లలు ఆ వేడికి చస్తాయి. మీకైతే మీట నొక్కితే వేడి. మాకు ఎండే తగలదు, కరెంటు వంటపూట మాత్రమే, బాబాయ్ యంత్రం నడిచేదీ అప్పుడే. అందుకని వంటయిన పొయ్యి మీదే ప్రతి ఇల్లూ ఒక డబ్బా నీళ్ళు కాచి, మూత బిగించి, తాడుకట్టి తొట్టిలో వేలాడదీస్తోంది. ఒక డబ్బా చల్లారేలోపు పక్కింటి డబ్బా వస్తుంది. వెచ్చని నీటిలో గాలి తగ్గుతుంది కాబట్టి మనిషి తర్వాత మనిషి సైకిలు పంపు కొడుతున్నారు.

ఇంత చేసినా చుక్కలు తగ్గడం లేదు. ఉన్నవి రాలుతున్నాయి, కొత్తవి వస్తున్నాయి. ఈ రోజు ఇంకో రెండు పోయాయి. మిగిలినవి సర్పంచి, ఇంకొక ఆడ జెల్ల.

మధ్యాహ్నం రెండో అంతస్తు కాపరి షాహిన్ వచ్చింది. వాళ్ళ తొట్టిలో ఆఖరిది కూడా చచ్చింది.

"అక్కా, రేపు తనిఖీ. ఒక్కటి చేబదులు ఇవ్వు. కన్ను ముందు ఆడించి సాయంత్రం తెచ్చిచ్చేస్తా," అంది.

చేబదులు చేప గురించి మీకు తెలుసు. మీ సంఘం సమావేశంలో దాన్ని మోసం అన్నారట. మోసమే. ఒక అంతస్తు గొంతెండకుండా ఇంకో అంతస్తు చేపను అప్పివ్వడం మాకు మా అమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటు. నేనూ మోశాను చేపల్ని, కొంగు కింద బకెట్టు పెట్టుకుని. అందుకు సిగ్గు పడను. కానీ ఈసారి ఇవ్వలేనన్నాను.

"ఇవి జబ్బు చేపలు షాహిన్. నీ తొట్టిలో వేస్తే నీ అడుగంతా పురుగు గుడ్లే."

"నా తొట్టిలో ఇంకేం మిగిలిందని పాడవ్వడానికి? నీళ్ళక్కా నాకు కావాల్సింది."

"ప్రయాణంలోనే చస్తుంది. అప్పుడు నీకూ ఉండదు, నాకూ ఉండదు."

"చెప్పు మరి, మీ బాబాయ్‌ది ఒక్కడిదే ప్రాణమా? మాది మూడు నెలల పసిగుడ్డు ఉన్న ఇల్లు," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

గోడ అవతల నుంచి బాబాయ్ విన్నాడు. "మేఘనా, చేపనిస్తేనే అప్పా? కుళాయి గొట్టం కిటికీలోంచి కిందికి వదలకూడదని ఎవడన్నా చెప్పాడా?" అని కేకేశాడు.

వదిలాం. రెండో అంతస్తుకి రేపు సీలు వేసుకోండి. మా కుళాయి ఉన్నంతసేపూ వాళ్ళకు నీళ్ళున్నట్టే. అంటే ఇప్పుడు సర్పంచి వీపు మీద రెండు అంతస్తులున్నాయి.

నమోదు 7

తనిఖీ అయింది. సర్పంచి తోక ఆడించింది. కుళాయి ఉంది. రెండో అంతస్తుకి సీలు పడింది.

వేడికి లొంగాల్సిన జబ్బు ఎందుకు లొంగడం లేదో ఇప్పుడు అర్థమవుతోంది. పురుగు మా తొట్టిలోనే పుట్టి ఉంటే ఈపాటికి తగ్గాలి. తగ్గడం లేదంటే రోజూ కొత్తది వస్తోంది. మాకు నీళ్ళు వచ్చేది పైనుంచే. ఎనిమిదో అంతస్తు దాటేచోట ఊదా దీపం ఉంటుంది, నీటిలో ఈదే పురుగేదైనా ఆ వెలుగులో చావాలి. దీపం వెలుగుతుంటే ఇది జరగదు.

రేపు పైకి వెళ్తున్నాను. ఎనిమిదికి కింద లిఫ్టు ఎక్కడా ఆగదు గనుక మెట్లెక్కి.

నమోదు 8

మీ సంఘం అధ్యక్షురాలు తారిణి గారు ఎనిమిదో అంతస్తు హాల్లో నన్ను కూర్చోమన్నారు. మర్యాదే. ఏమీ ఇవ్వకూడదనుకున్నప్పుడు మీరు బాగా మర్యాదగా ఉంటారు. మా కంటే ముందు మీకు అందే మొదటి నీటితో పెట్టిన టీ ఇచ్చారు. తాగాను. చాలా బాగుంది. ఆ సంగతి నమోదులో ఉండాలి.

మా దగ్గర గొట్టంలో పోయే నీరు మీ హాల్లో నేలబారు గాజు కాలవలో పారుతోంది. అందులో రంగు చేపలు. ఎర్రవి, బంగారు రంగువి. ఒక్కొక్కదాని ఒంటి నిండా తెల్లచుక్కలు. తలమీద, రెక్కలమీద, ఉప్పు చల్లినట్టు. నేను టీ కప్పు కింద పెట్టేశాను.

"ఇవేంటండీ?"

"బాగున్నాయి కదూ. ముత్యాల చేపలు. కొత్త రకమండీ. చుక్కలెన్ని ఎక్కువుంటే అంత గొప్ప," అన్నారు తారిణి గారు. "మొన్నామధ్య ఉన్నట్టుండి చుక్కలన్నీ రాలిపోయాయి. మోసపోయామనుకున్నాం. కొద్ది రోజుల్లో డబుల్ వచ్చేశాయి."

"వచ్చాక చేపలు చావలేదా?"

"చస్తాయి, చేపలేగా. అదే రోజు కొత్తవి తెప్పిస్తాం."

కాలవ చివర దీపం ఉంది. ఆరిపోయి ఉంది.

"దీపం ఎందుకు ఆర్పారండీ?"

"ఆ ఊదా వెలుగులో ముత్యాలు మురికి రంగులో కనిపిస్తున్నాయి మేడం. గెస్టులు వచ్చినప్పుడు ఇబ్బందిగా ఉంది. తాత్కాలికంగానే."

ఆ చుక్కలేమిటో చెప్పాను. మైక్రోస్కోపు సంచిలో తెచ్చాను, చూపిస్తానన్నాను. ఆవిడ చూడనన్నారు. "మీవాళ్ళు తనిఖీకి చేపలు మార్చుకుంటారని మాకు తెలుసు. జబ్బు అలా పాకి ఉంటుంది. చదువుకున్నవారు, మీరైనా వాళ్ళకి చెప్పాలి," అన్నారు.

వాళ్ళకి. నేను ఎవరనుకున్నారో ఆవిడ.

చేబదులు చేపతో జబ్బు పక్క అంతస్తుకి పాకవచ్చు, కాదనను. పక్క అంతస్తుకే పాకుతుంది. ఏడో అంతస్తు ఎవరికీ అప్పివ్వదు, ఎవరి దగ్గరా తీసుకోదు, వాళ్ళకది నామోషీ. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఆగాను. వాళ్ళ జెల్లలకీ చుక్కలున్నాయి. మా వాటికంటే ముందు వచ్చిన చుక్కలు.

నమోదు 9

సర్పంచి కదలడం తగ్గింది. ఆడ జెల్ల పొద్దున్న పోయింది. మూడు పూటలా డబ్బాలు మారుస్తూనే ఉన్నాం. పైనుంచి పురుగు వస్తూనే ఉంది. ఆ ఒక్క చేప పోతే కుళాయి పోతుంది, కుళాయితో బాబాయ్, కిటికీ గొట్టంతో షాహిన్ ఇంటి పసిగుడ్డు.

మొదటి నీరు ఒక్క నిమిషం కూడా ఆగకూడదని ఊట సంస్థతో నియమం రాయించుకున్నది మీరే. పంపుకి ఆపే మీటే లేకుండా కట్టించుకున్నారు. ఈ నియమం గురించి ఇవాళంతా ఆలోచించాను.

ఏడో అంతస్తులో తొట్టిలోకి నీరు దిగే గొట్టానికి ఒక ఇత్తడి వాల్వు ఉంది. దాన్ని మూసేస్తే కింద ఏడు అంతస్తులకూ నీరు రాదు, పురుగూ రాదు. పంపు మాత్రం ఆగదు. నీరు ఎక్కడికి పోతుంది? ఎనిమిదో అంతస్తు హాల్లో గాజు కాలవ నేలబారున ఉంది.

ఏడో అంతస్తు కాపరి తనూజ్ దగ్గరకు వెళ్ళాం. వెళ్ళాం అంటే నేను, షాహిన్, కుర్చీలో కూర్చున్న బాబాయ్, కుర్చీ మోసిన నలుగురు. రావద్దని ఎంత చెప్పినా బాబాయ్ వినలేదు. "నా రక్తం గురించి మాట్లాడేచోట నేనుండొద్దా?" అన్నాడు.

తనూజ్ తలుపు సగమే తీశాడు.

"అక్కా, నాకు ఎనిమిదిలో గది ఇస్తామన్నారు. వచ్చే తనిఖీ దాటితే చాలు. ఇప్పుడీ గొడవలో నన్ను దించకు."

"ఎప్పటి నుంచి ఇస్తామంటున్నారు?"

లోపల నుంచి అతని భార్య చెప్పింది. "మా పెళ్ళికి ముందు నుంచీ."

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. హక్కులు, చరిత్ర, సమష్టి. బాబాయ్ చేయెత్తి ఆపాడు. "అమ్మాయ్, కాసేపు ఊరుకో. బాబూ, నీ చేప మొప్ప జిగురుని ఒకసారి మేం తెచ్చిన మైక్రోస్కోపులో చూడు. చూశాక కూడా తలుపేసుకోవాలనిపిస్తే వేసేసుకో. మేం దిగిపోతాం. దిగడం తేలికే, వీళ్ళు నన్ను ఒక్కసారి వదిలేస్తే చాలు."

తనూజ్ చూశాడు. చాలాసేపు చూశాడు. లాడం మచ్చ ఉన్న ఆ పురుగు దొర్లుతూనే ఉంది.

"ఇది ఆ హాల్లో చేపలకున్నదేనా?"

"అదే. వాళ్ళు ముత్యాలంటున్నారు."

"నా పెళ్ళాం వాళ్ళ పార్టీకి వడ్డించడానికి వెళ్ళినప్పుడు చూసొచ్చి, ఎంత బాగున్నాయో అంది," అన్నాడు.

"వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది. నీ చేతికి రాకపోతే నా కాలితో తంతాను, నా కాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి," అన్నాడు బాబాయ్.

తనూజ్ నవ్వలేదు. పానా తీసుకొచ్చాడు.

నమోదు 10

వాల్వు మూసేశాం. మూసే ముందే ఏడు అంతస్తులూ కలిసి బిందెలు, డబ్బాలు, పసిపిల్లల స్నానపు తొట్లు నింపి పెట్టుకున్నాయి. ఆ నిల్వలో మొదటి వంతు బాబాయ్ యంత్రానిది, రెండోది షాహిన్ ఇంటిది. ఓట్లేసి తేల్చాం. ఒక్క ఓటు వ్యతిరేకంగా పడింది, అది బాబాయ్‌ది. పసిబిడ్డది ముందుండాలన్నాడు. ఓడిపోయి రోజంతా అలిగాడు.

పైనుంచి కొత్త పురుగు రావడం ఆగింది. సర్పంచి ఒంటిమీద చుక్కలు రాలాయి. ఇప్పటిదాకా కొత్తవి రాలేదు. సాయంత్రం ఒక వానపాము ముక్క తింది. మీసాలతో తడిమి, అనుమానంగా చూసి, తింది.

నమోదు 11

తొమ్మిది నమోదులు మీరు చదవకుండా సంతకం పెట్టారు. చపాతీ పిండి గురించి రాసినదాని మీద కూడా మీ సంతకం ఉంది. నిన్న పొద్దున్న మీ హాల్లో తివాచీ తడిసింది. మధ్యాహ్నానికి మడమల దాకా వచ్చిందట. తారిణి గారు స్వయంగా మెట్లు దిగి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, "అసలు ఇదంతా ఎందుకు చేస్తున్నారు మేడం, ఒక్క మాట ముందు చెప్పొచ్చు కదా" అన్నారు.

కాబట్టి ఇప్పుడు చదువుతున్నారు. బాగుంది. నీరు మీ మడమల దగ్గర ఉంది. మా నిల్వ ఇంకా కొంత ఉంది. ఎవరు ముందు తగ్గాలో లెక్క వేసుకోండి. మా కోరికలు ఇవి.

ఒకటి. ఊదా దీపం ఈ రోజే వెలిగించాలి. ఆర్పే మీట ఏడో అంతస్తు కాపరి చేతిలో ఉండాలి.

రెండు. చుక్కలున్న రంగు చేపలను కాలవ నుంచి తీసి వేరే తొట్టిలో పెట్టి, వేడితో వైద్యం చేయాలి. వాటిని చంపకూడదు. వాటి తప్పేమీ లేదు.

మూడు. వైద్య కన్ను తనంతట తాను మందు వదలకూడదు. మోతాదు కాపరి చెప్పాలి.

నాలుగు. రెండో అంతస్తు సీలు తీసేయాలి.

అయిదు. చేప చస్తే వైద్యం పంపాలి. కుళాయికి సీలు వేసే నియమం రద్దు కావాలి.

ఆరు. రిత్విక్ గారి యంత్రానికి మొదటి నీటి గొట్టం నేరుగా కలపాలి.

ఏడు. తనూజ్ మీద, పానా పట్టుకున్న ఎవరి మీదా చర్య ఉండకూడదు.

ఎనిమిది. పై ఏడూ జరిగాక వాల్వు తెరుస్తాం. అంతకుముందు తెరవం.

తొమ్మిది. ఈ నమోదులు మొదటి నుంచీ చదివి, ఏ పేజీకి ఆ పేజీ మళ్ళీ సంతకం పెట్టాలి.